తెలుగు లిపిలో జర్మన్ రాయకే తల్లీ

బుజ్జమ్మా,

నువ్వు నర్సు ఉద్యోగానికి జర్మనీ వెళ్తున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది, చెబుతూనే ఏడ్చింది. నాకు గర్వంగానే ఉంది. కానీ నైట్ డ్యూటీలో ఏ ముసలాయనో మంచం మీంచి ఏదో గొణిగితే, నీకు అర్థం కాకపోతే ఏం చేస్తావోనని ఒకటే టెన్షన్.

క్లాసు మానకు. వ్యాకరణం మీ టీచర్ చెప్పినట్టే చదువు.

నా బాధంతా నువ్వు మొన్న ఫొటో తీసి పంపిన నోట్‌బుక్ గురించి. జర్మన్ మాటలన్నీ తెలుగు అక్షరాల్లో రాసుకున్నావు. 1980ల్లో ఇక్కడ సోవియట్ సహకారంతో ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్నప్పుడు మేం కొందరం రష్యన్ నేర్చుకున్నాం. మాలో ఒకాయన మహా చురుకు, లావుపాటి పుస్తకం నిండా రష్యన్‌ని తెలుగులోకి ఎక్కించేశాడు. వాళ్లకి 'ఉండటం', 'కొట్టడం' అనే మాటల మధ్య తేడా ముఖ్యంగా ఒక్క అచ్చులోనే ఉంటుంది, ఆ అచ్చు మనకి లేదు, దాంతో ఆయన పుస్తకంలో రెండూ 'బీత్' అయిపోయాయి! పుస్తకం చూసి గడగడా చదివేవాడు. రష్యన్ ఇంజనీరు ఎదురుగా నిలబడి మాట్లాడితే మాత్రం తెల్లమొహం. వచ్చిన మాటే చెవిన పడినా పోల్చుకోలేకపోయేవాడు. చివరికి మీటింగుల్లో నోరు విప్పడమే మానేశాడు పాపం, అంత తెలివైన మనిషి.

అది ఆయన తెలివితక్కువతనం కాదే. 1984లో జానెట్ వర్కర్, రిచర్డ్ టీస్ అనే ఇద్దరు కెనడాలో ఇంగ్లిష్ మాట్లాడే ఇళ్లలోని పసిపిల్లలకి హిందీ త, ట లు వినిపించారు. ఆరు నుంచి ఎనిమిది నెలల వాళ్లలో ఎక్కువమంది తేడా పట్టేశారు. ఏడాది నిండబోయే వాళ్లలో చాలామందికి అది పోయింది. ఇంట్లో వినపడని తేడాలని మెదడు పట్టించుకోవడం మానేస్తుందన్నమాట. నీ మెదడు కూడా ఎప్పుడో తెలుగుకి కుదురుకుంది. నువ్వు తెలుగులో రాసుకున్న కొద్దీ ప్రతి కొత్త ధ్వనినీ పాత అక్షరంలోకే తోసేస్తుంది.

అలాగని ఇరవై నాలుగేళ్లకే దారి మూసుకుపోలేదు. పెద్దయ్యాక ర, ల తేడా పట్టలేని జపాన్ వాళ్లకి రకరకాల గొంతులతో ఆ ఒక్క ధ్వనే తేడాగా ఉండే జంట మాటలు వినిపించి, తప్పో ఒప్పో వెంటనే చెబుతూ పోతే మెరుగుపడ్డారు. నువ్వూ అదే చెయ్. జర్మన్‌లో 'నొక్కడం', 'ప్రింటు తీయడం' అనే మాటలకి ఒక్క అచ్చే తేడా. ఛాతీ నొక్కేస్తోందని రోగి చెప్పేది నీకు విన్న వెంటనే తెలియాలి. ఆడ, మగ, ముసలి గొంతులన్నీ విను. బస్సులో విను, కానీ ఒక్క చెవికే పెట్టుకో, ఎన్ఏడీ జంక్షన్‌లో రోడ్డు దాటేటప్పుడు అదీ తీసెయ్. మొన్న చూశాను నిన్ను, ఫోన్‌లోకి చూస్తూ లారీకి అడ్డంగా నడిచావు, బుద్ధుందా?

రాత్రి రెండు దాకా బట్టీ పట్టడం కూడా ఆపు. పగలు విన్నదాన్ని మెదడు నిద్రలోనే గట్టిపరుచుకుంటుంది. నిద్ర మానేస్తే ఆ పని సరిగ్గా జరగదు. పైగా మొహం ఎలా పీక్కుపోయిందో అద్దంలో చూసుకున్నావా?

ఆదివారం అత్తయ్యా నేనూ వస్తాం. ఫోన్‌లో ఆ జంట మాటలు పెడతాను, నువ్వు స్క్రీన్ చూడకుండా ఏది ఏదో చెప్పు. సున్నుండలు చేసి తెస్తోంది, డబ్బా కడిగి ఉంచమంది.

మావయ్య