కోట ఎదుట టవర్: ముందు హద్దు తేల్చుకోండి

ప్రశ్న: మా ఊరి కోట కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉంది. దాని ఎదుట ముప్పై అంతస్తుల టవర్ కడుతున్నారు. తొమ్మిది శ్లాబులు పడ్డాయి. తాతల నాటి నుంచి చూస్తున్న బురుజులు కనుమరుగవుతున్నాయి. వెనుకనే మా ఇల్లు ఉన్నందున, నా పేరు రాకుండా మేనల్లుడి చేత ప్రజాప్రయోజన వ్యాజ్యం వేయించమంటున్నారు. వేయించవచ్చా?

జవాబు: మీ లేఖలో బురుజుల గురించి మూడు పేజీలున్నాయి గానీ, రక్షిత ప్రాంతపు హద్దుకూ టవర్ స్థలానికీ మధ్య దూరమెంతో ఒక్క వాక్యమైనా లేదు. మీ కేసు నిలిచినా వీగినా ఆ కొలత మీదే.

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం, ఆ హద్దు నుంచి 100 మీటర్ల వరకు నిషిద్ధ ప్రాంతం. అక్కడ ప్రైవేటు టవర్‌కు అనుమతి ఇవ్వడం కుదరదు. ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అక్కడ జాతీయ కట్టడాల ప్రాధికార సంస్థ సిఫారసు మేరకు అనుమతి ఇవ్వవచ్చు, కాబట్టి ఆ అనుమతిలో రాసిన ఎత్తును మించి కడుతున్నారా అన్నదే ప్రశ్న అవుతుంది. చాలామంది కోట గోడ నుంచి టేపు పెడతారు. కందకమూ దాని ముందరి ఖాళీ స్థలమూ రక్షిత ప్రాంతంలో చేరి ఉంటే, గోడ నుంచి 130 మీటర్లున్న స్థలం హద్దు నుంచి 80 మీటర్లే కావచ్చు. 300 మీటర్లు దాటితే ఈ చట్టం మీకు అక్కరకు రాదు. అప్పుడు మాస్టర్ ప్లాన్‌నూ స్థానిక నిర్మాణ నిబంధనలనూ పట్టుకోవాలి.

పునాది తవ్వేటప్పుడే గేటు దగ్గర అనుమతి నంబరు, తేదీ, అంతస్తుల సంఖ్య రాసిన బోర్డు చూశానని మీరే రాశారు. ఫోటో తీయలేదు, ఒక్క ఫిర్యాదూ ఇవ్వలేదు. ఇది క్షమించరాని అశ్రద్ధ. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లకు చేరితే పర్యావరణ అనుమతి కావాలి. దానిపై పర్యావరణ కేసులు వినే జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలుకు గడువు 30 రోజులు, తగిన కారణం చూపితే మరో 60 రోజులు, అంతే. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు నిర్ణీత గడువు లేకపోయినా, బెంగళూరు కోరమంగళ అపార్ట్‌మెంట్ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2005లో ఆలస్యాన్ని చాలా ముఖ్యమైన అంశంగా తీసుకుంది.

మేనల్లుడి పేరు మాట మరిచిపొండి. వ్యాజ్యం వేసిన వారి నిజాయితీని ముందే విచారించాలనీ, దురుద్దేశముంటే భారీ ఖర్చులు విధించాలనీ సుప్రీంకోర్టు 2010లో హైకోర్టులను ఆదేశించింది. మీ ఇంటి సంగతి దాచారని ప్రతివాది ఒక్క పత్రంతో చూపితే, కొలత మీకు అనుకూలంగా ఉన్నా కేసు పోతుంది. ఇల్లు నాదేనని చెప్పి మీ పేరుతోనే రిట్ వేయండి.

ఈ వారమే పురావస్తు శాఖ సర్కిల్ (ప్రాంతీయ) కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, రక్షణ నోటిఫికేషనూ హద్దు పటమూ అడగండి. ప్రాధికార సంస్థ ఇచ్చిన నిరభ్యంతర పత్రాన్నీ, మున్సిపాలిటీ ఆమోదించిన ప్లానునూ వేర్వేరుగా కోరండి. సమాధానానికి 30 రోజులు పడుతుంది గనుక ఆలోగా ఖాళీగా కూర్చోకుండా, తేదీ పడే ఫోటోలతో సర్కిల్ అధికారికి రాతపూర్వక ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, లైసెన్సుడు సర్వేయరు చేత కొలిపించండి. కొలత 100 మీటర్ల లోపల తేలితే, పత్రాలన్నీ అందేదాకా ఆగక, ఆ రసీదునూ సర్వే పటాన్నీ జతచేసి యథాతథ స్థితి ఉత్తర్వు కోరుతూ హైకోర్టుకు వెళ్లండి.