ఉద్యోగానికి లై డిటెక్టర్ పరీక్ష అడిగితే ఒప్పుకోవాలా?

గాజువాకలో క్యాషియర్ ఉద్యోగానికి లై డిటెక్టర్ పరీక్ష తప్పనిసరి అంటున్నారు, కాదనొచ్చా అని అడిగారు. కాదనొచ్చు. ఒప్పుకోని మనిషికి పోలీసులు కూడా ఈ పరీక్ష చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది నేర విచారణ గురించిన తీర్పు. అమెరికాలో 1988 నాటి చట్టం చాలామంది ప్రైవేటు యజమానులను ఇలా అడగనివ్వదు. మన దగ్గర అలాంటి ప్రత్యేక చట్టం లేదు. అందుకే, కాదన్నారని ఉద్యోగం ఇవ్వకపోతే నిలదీయడం కష్టం. ఇది నాకు అన్యాయంగానే అనిపిస్తుంది. ఎందుకంటే ఆ యంత్రం పట్టేది అబద్ధాన్ని కాదు. బీపీ, నాడి, ఊపిరి, చెమటల్లో వచ్చే మార్పుని. ఇంటర్వ్యూ టెన్షన్‌కే అవన్నీ మారిపోతాయి! ఏం అడుగుతారో, ఫలితం ఎవరికి చూపిస్తారో రాసివ్వమనండి. చదవకుండా సమ్మతి పత్రం మీద సంతకం పెట్టకండి. సలహా కావాలంటే విశాఖ జిల్లా న్యాయ సేవాధికార సంస్థను అడగండి.