మార్కు పతనంలో మునిగిందెవరు, తేలిందెవరు?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో ఓడిన జర్మనీ, 1923లో తన కరెన్సీ మార్కు విలువ కుప్పకూలేంతగా నోట్లు అచ్చువేసింది గెలిచిన దేశాలకు నష్టపరిహారం కట్టడానికేనా?

జవాబు: బడి పుస్తకాల్లో అలాగే రాస్తారు గానీ అది సగమే నిజం. 1921 మేలో ఖరారైన పరిహారం 13,200 కోట్ల బంగారు మార్కులు (అంటే బంగారం విలువతో లెక్కగట్టిన మార్కులు). దాన్ని బంగారంగానో, విదేశీ మారకంగానో, బొగ్గు, కలప వంటి సరుకుగానో చెల్లించాలి. కాగితపు మార్కులు ఇస్తే ఫ్రాన్స్ పుచ్చుకోదు. డాలర్లు కొనడానికి మార్కులు అమ్మాల్సి వచ్చి మార్కు విలువ దిగజారిన మాట వాస్తవమే.

అయితే జబ్బు 1914 ఆగస్టులోనే మొదలైంది. నోటు ఇస్తే బంగారం ఇచ్చే పద్ధతిని అప్పుడే ఆపేశారు. యుద్ధం ఖర్చును పన్నులతో కాకుండా ఎక్కువగా అప్పుతో నడిపారు. తొమ్మిది విడతల యుద్ధ బాండ్లతో జనం నుంచి దాదాపు 9,800 కోట్ల మార్కులు రాబట్టారు. గెలిచాక ఆ భారం ఓడినవాళ్ళ నెత్తిన వేయొచ్చని లెక్క. 1918 నవంబరులో జర్మనీ చక్రవర్తి కైజర్ గద్దె దిగాడు; అప్పంతా కొత్త రిపబ్లిక్ మీద పడింది. వికలాంగులైన సైనికుల పింఛన్లు, వితంతువుల పింఛన్లు దానికి తోడయ్యాయి.

పన్నుల్లో ఒక పెద్ద కంత ఉంది. 1920 నుంచి కూలీలకూ ఉద్యోగులకూ జీతం చేతికి రాకముందే 10 శాతం పన్ను కోసేవారు. వ్యాపారులు, కంపెనీలు మాత్రం నెలల తర్వాత కట్టేవారు. ఈలోగా మార్కు పడిపోయేది కాబట్టి వాళ్ళు కట్టింది పేరుకే పన్ను. ఖజానాలో పడిన లోటుకు ప్రభుత్వం హుండీలు (అప్పు పత్రాలు) రాసి కేంద్ర బ్యాంకు అయిన రైష్‌బ్యాంక్‌కు ఇచ్చేది, బ్యాంకు నోట్లు అచ్చువేసి ఇచ్చేది. 1922 జూలై దాకా ఆ బ్యాంకు వడ్డీ 5 శాతమే. ధరలు అంత వేగంగా పెరిగే రోజుల్లో 5 శాతానికి అప్పివ్వడమంటే పెద్ద పరిశ్రమలకు ఉత్తినే డబ్బు పంచిపెట్టడమే. మా దృష్టిలో ఆ బ్యాంకు అధ్యక్షుడు హావెన్‌స్టైన్ చేసిన అతి పెద్ద తప్పు ఇదే.

రాజకీయం కూడా మార్కును దెబ్బతీసింది. 1922 జూన్ 24న విదేశాంగ మంత్రి రాథెనావ్‌ను కాల్చి చంపాక, మార్కు కోలుకుంటుందని దాచుకున్న విదేశీయులు వదిలించుకోవడం మొదలుపెట్టారు. 1923 జనవరి 11న ఫ్రెంచి, బెల్జియం సేనలు జర్మనీలోని రూర్ బొగ్గు ప్రాంతంలో దిగాయి. పనులు ఆపేసి సహకరించవద్దని ప్రభుత్వం చెప్పింది, ఆపినవాళ్ళకు కూలి తానే కట్టింది. బొగ్గూ లేదు, దాని మీది రాబడీ లేదు, కూలి మాత్రం నోట్లతో. అక్కడి నుంచి పగ్గాలు తెగిపోయాయి.

ప్రశ్న: ఆ రోజుల్లో జీతం వస్తే మామూలు మనిషి ఏం చేసేవాడు?

జవాబు: పరిగెత్తేవాడు. యుద్ధానికి ముందు డాలరు 4.2 మార్కులు. 1923 జనవరిలో సుమారు 18,000. ఆగస్టులో సగటున 46 లక్షలు, అక్టోబరులో 2,500 కోట్ల పైన, నవంబరు 20న 4.2 లక్షల కోట్లు. కూలి రోజువారీ అయిపోయింది. డాలరు కొత్త రేటు వచ్చేలోగా చేతిలోని నోట్లను రొట్టెగానో, బంగాళాదుంపలుగానో మార్చుకోవాలి. పుస్తకాల వ్యాపారులైతే పుస్తకం మీద ఒక మూల ధర వేసి, ప్రకటించిన గుణకంతో హెచ్చవేసి అమ్మేవారు. ధర మార్చనక్కర్లేదు, గుణకం మారిస్తే చాలు.

నోట్ల తయారీ కూడా విలువను అందుకోలేకపోయింది. 1922 డిసెంబరు తేదీతో ఉన్న 1000 మార్కుల నోటు మీదే అడ్డంగా ఎర్ర సిరాతో ‘వంద కోట్ల మార్కులు’ అని ముద్ర వేసి వదిలారు. 1923లో రైతు ధాన్యాన్ని కాగితాలకు అమ్మడానికి ఒప్పుకోలేదు. పంట ఉండి కూడా పట్టణాల్లో ఆకలి.

ప్రశ్న: అప్పులున్నవాళ్ళు బాగుపడ్డారంటారు. నిజమేనా?

జవాబు: నిజమే. ‘మార్కు అంటే మార్కే’ అని కోర్టులు అనడంతో, 1913లో 10,000 మార్కులకు ఇల్లు తాకట్టు పెట్టినవాడు అవే 10,000 కాగితపు మార్కులు ఇచ్చి అప్పు తీర్చుకోవచ్చు. 1923 నవంబరులో రొట్టె సుమారు 20,000 కోట్ల మార్కులు. అంటే ఆ అప్పంతా కలిపి రొట్టెలో రెండు కోట్లవ వంతు! అప్పిచ్చి ఆ తాకట్టు పత్రం పట్టుకున్న ముసలి వితంతువుకు ఏం మిగిలిందో ఊహించండి.

1923 నవంబరు 28న సుప్రీం కోర్టు ఆ సూత్రాన్ని కొట్టేసింది. 1925 చట్టం తాకట్టు అప్పులకు 25 శాతం విలువ తిరిగి ఇచ్చింది, అదీ వాయిదాల మీద. ప్రభుత్వ బాండ్లకైతే 1000కి 25 మార్కుల కొత్త బాండు. పాత బాండ్లను మొదటి నుంచీ పట్టుకున్నవాళ్ళకు లాటరీ పద్ధతిలో అదనంగా కొంత. యుద్ధకాలపు అప్పును చివరికి కట్టింది దేశాన్ని నమ్మి బాండు కొన్నవాళ్ళే.

ప్రశ్న: కొత్త నోటు రాగానే అంతా ఎలా ఆగింది? బంగారం లేదు కదా?

జవాబు: నోటు మార్చినందుకు కాదు, అచ్చు ఆపినందుకు. 1923 నవంబరు 15న రెంటెన్‌మార్క్ వచ్చింది. పూచీగా పొలాల మీద, పరిశ్రమల మీద 320 కోట్ల బంగారు మార్కుల తాకట్టు వేశారు. ఆ పొలం ఎవరూ తెచ్చి ఇవ్వరు, అది ధైర్యం కోసమే. అసలు పని అదే రోజు జరిగింది: ప్రభుత్వ హుండీలకు రైష్‌బ్యాంక్ డబ్బివ్వడం మానేసింది. ప్రభుత్వానికి రెంటెన్‌మార్క్ అచ్చువేసే కొత్త బ్యాంకు ఇచ్చే అప్పుకు 120 కోట్ల హద్దు. డిసెంబరులో ఇంకా అడిగితే లేదన్నారు. లక్ష కోట్ల పాత మార్కులకు ఒక కొత్త మార్కు. పట్టణాలు, కంపెనీలు సొంతంగా అచ్చేసుకున్న నోట్లను తీసుకోవద్దని కరెన్సీ కమిషనర్ షాఖ్ట్ పట్టుబట్టాడు. రూర్‌లో పనులు ఆపాలన్న పిలుపును సెప్టెంబరు 26నే వెనక్కి తీసుకున్నారు. ప్రభుత్వోద్యోగులను భారీగా తీసేశారు. ముందుగా వేటు పడినవాళ్ళలో పెళ్ళయిన ఆడవాళ్ళున్నారు.

ప్రశ్న: ఈ ధరల వల్లే హిట్లర్ వచ్చాడు కదా?

జవాబు: తేదీలు చూడండి. మ్యూనిక్‌లో అతని తిరుగుబాటు 1923 నవంబరు 9న కుప్పకూలింది. 1928 ఎన్నికల్లో అతని పార్టీకి 2.6 శాతం ఓట్లు. 1932 జూలైలో 37.3 శాతం. ఆనాడు ధరలు పెరగడం లేదు, పడిపోతున్నాయి. ఆ ఏడాది మొదట్లో నిరుద్యోగులు 60 లక్షలు. 1923 భయం వల్ల ఛాన్సలర్ బ్రూనింగ్ నోట్ల చెలామణి పెంచడానికి జంకి జీతాలు కోశాడు, పన్నులు పెంచాడు. దాచుకున్నది పోయిన మధ్యతరగతి అప్పటికే పాత పార్టీల్ని వదిలి, పోయిన డబ్బుకు పరిహారం అడిగే చిన్న పార్టీల వెంట తిరుగుతోంది. 1930 తర్వాత ఆ చిన్న పార్టీల ఓట్లు ఎక్కువగా నాజీలకే వెళ్ళాయి.