చూపు లేనివాళ్లకు, మెనూలు పైకి చదివే వాయిస్ రికార్డర్ ఏది మంచిది?

చూపు లేని మీ తమ్ముడు ఈ ఏడాది డిగ్రీలో చేరుతున్నాడని, మెనూలు పైకి చదివే చిన్న రికార్డర్ ఏది కొనాలో చెప్పమని అడిగారు. నాకూ చూపు లేదు. ఇప్పటికి నాలుగు రికార్డర్లు మార్చాను, అందులో ఒకటి నేనే కోపంలో నేలకేసి కొట్టాను. నా మాట ఒకటే. మెనూ మాట్లాడుతుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఇప్పుడు రికార్డవుతోందా, ఆగి ఉందా అన్నది వేలికో చెవికో తెలుస్తుందా, ముందు అది చూడండి. మెనూలోకి నెలకోసారి వెళ్తాం, రికార్డు బటన్ రోజుకు పదిసార్లు నొక్కుతాం.

ఇది నాకు ఎలా తెలిసిందో చెప్తాను. మా అమ్మమ్మది దివిసీమ, కోడూరు దగ్గర పల్లె. 1977 నవంబరు 19 ఉప్పెన రాత్రి గురించి ఎవరడిగినా "ఇప్పుడెందుకులేరా అవన్నీ" అని లేచి వెళ్లిపోయేది. 2012 సంక్రాంతికి వెళ్లినప్పుడు ఏమనిపించిందో ఏమో, "ఆ మిషనేదో తెచ్చుకున్నావుగా, పెట్టు చెప్తాను" అంది. నా దగ్గరున్నది బజార్లో కొన్న మామూలు రికార్డర్, మాట్లాడే మెనూ లేదు. రికార్డుకీ, మధ్యలో ఆపడానికీ, మళ్లీ మొదలుపెట్టడానికీ ఒకటే బటన్. నొక్కాను. "ఉండరా, వక్కపొడి వేసుకోనీ" అంది. నొక్కి ఆపాను. ఆవిడ గొంతు సవరించుకోగానే మళ్లీ నొక్కాను, లేదా నొక్కాననుకున్నాను. అనుమానం వచ్చి పిన్నిని అడిగితే "ఎర్రలైటు వెలుగుతోందిరా" అంది. ఇయర్‌ఫోన్‌లో అమ్మమ్మ గొంతు శుభ్రంగా వినిపిస్తోంది. ఇంకేం కావాలి?

గంటంపావు చెప్పింది. నీళ్లు వచ్చిన చప్పుడు రైలు చప్పుడులా ఉందని, తుమ్మచెట్టు ముళ్లు ఒంట్లో దిగినా ఆ రాత్రి నొప్పి తెలియలేదని, తెల్లారాక బావులన్నీ ఉప్పు నీళ్లయిపోతే కొబ్బరి నీళ్లతో పిల్లల నోళ్లు తడిపారని. మా అమ్మకి కూడా చెప్పని పేర్లు కొన్ని చెప్పింది. అధికారిక లెక్కల్లోనే ఆ ఉప్పెనకు పోయినవాళ్లు 10,000 దాకా ఉన్నారు, ఆ లెక్కలో మా ఇంటివాళ్లెవరో నేను విన్నది అప్పుడే.

విజయవాడ బస్సులో ఫైలు పెట్టుకుని విన్నాను. నాలుగు సెకన్లు. "ఉండరా, వక్కపొడి వేసుకోనీ." అంతే.

తర్వాత తెలిసింది ఏమిటంటే, రికార్డవుతుంటే ఆ లైటు నిలకడగా వెలుగుతుంది, ఆగి ఉంటే వెలిగి ఆరుతూ ఉంటుంది. చూపున్న పిన్నికే తేడా తెలియలేదు. ఇక ఇయర్‌ఫోన్ సంగతి. చాలా రికార్డర్లలో ఆగి ఉన్నప్పుడు కూడా మైకులో పడే శబ్దం చెవికి వినిపిస్తూనే ఉంటుంది. వినిపిస్తోంది కదా అని నమ్మకూడదు. అమ్మమ్మని మళ్లీ చెప్పమని అడిగితే "ఒకసారి చెప్పాగా" అంది. రెండేళ్లకు పోయింది.

సరే, మీ తమ్ముడి సంగతి. ఆన్‌లైన్‌లో వెతికితే "వాయిస్ యాక్టివేటెడ్" అని బోలెడు కనిపిస్తాయి. అది మాట్లాడే మెనూ (వాయిస్ గైడెన్స్ అంటారు) కాదు! శబ్దం వచ్చినప్పుడే రికార్డు చేసి, నిశ్శబ్దంలో ఆగిపోయే పద్ధతి. ప్రతి వాక్యంలో మొదటి అక్షరం మింగేస్తుంది. ఒక షాపతన్ని "ఇందులో వాయిస్ గైడెన్స్ ఉందా" అని అడిగితే "వాయిస్ రికార్డర్ అంటేనే వాయిస్ కదండీ" అన్నాడు. ఏం చెప్పాలి ఇలాంటివాళ్లకి.

నా రెండోది ఒలింపస్ డీఎం వరుసలోది. బటన్లు వేళ్లకు వేరువేరుగా తగిలేవి, మెనూ మొత్తం చదివేది. బాగా నడిచింది. ఆ రికార్డర్ల వ్యాపారం 2021లో ఓఎం డిజిటల్ సొల్యూషన్స్ అనే సంస్థకు వెళ్లిపోయింది. పాతది దొరికితే వాయిస్ గైడెన్స్ ఉన్న మోడలేనా అని చూసి తీసుకోండి, ఒలింపస్ వాటిలో కొన్నే మాట్లాడతాయి. హ్యూమన్‌వేర్ వాళ్ల విక్టర్ రీడర్ స్ట్రీమ్ కూడా రికార్డు చేస్తుంది, ఫోన్‌లా అంకెల బటన్లుంటాయి, చూపు లేనివాళ్ల కోసం తయారుచేసే డైసీ అనే ఆడియో పుస్తకాలు చదువుతుంది. కానీ ఖరీదు చాలా ఎక్కువ, పుస్తకాలు కూడా వినేవాడైతేనే దండగ కాదు.

ఇప్పుడు నేను వాడుతున్నది జూమ్ హెచ్1 ఎసెన్షియల్, 2024లో వచ్చింది. మెనూలు చదువుతుంది. 32 బిట్ ఫ్లోట్ పద్ధతిలో రికార్డు చేస్తుంది కాబట్టి మాస్టారు అరిచినా గొణిగినా గొంతు స్థాయి ముందే సరిచూసుకునే టెన్షన్ లేదు, తర్వాత కంప్యూటర్లో సరిచేసుకోవచ్చు. ఇబ్బంది ఒకటుంది, ఫైళ్లు లావు. మామూలు ఎంపీ3 అయితే 128 కేబీపీఎస్ నాణ్యతలో గంట పాఠం 58 ఎంబీ లోపే. ఇందులో 48 కిలోహెర్ట్జ్ స్టీరియో నాణ్యత పెడితే గంటకు దాదాపు 1.4 జీబీ. 32 జీబీ మెమరీ కార్డు 20 గంటలు దాటి కొద్దిగా వస్తుంది, అంటే వాడు వారంవారం కార్డు ఖాళీ చేసుకోవాలి.

ఒలింపస్‌లోనూ జూమ్‌లోనూ నేను మెనూ విన్నది ఇంగ్లీషులోనే, తెలుగు లేదు. ఇన్ని కోట్లమందిమి ఉన్నాం, "రికార్డింగ్ మొదలైంది" అని ఒక్క ముక్క మన భాషలో చెప్పించలేకపోయారు. మొదటి వారం పక్కన కూర్చుని ఆ నాలుగైదు ఇంగ్లీషు మాటలు అలవాటు చేయించండి, చాలు.

"ఫోన్ ఉందిగా, రికార్డర్ ఎందుకు" అని కింద ఎవరో ఒకరు రాస్తారు. నేనూ ప్రయత్నించాను. క్లాసు మధ్యలో ఫోన్ వస్తే రికార్డింగ్ ఆగింది, ఆగిన సంగతి సాయంత్రం తెలిసింది. పైగా ఫోన్ తెర మీదున్నది పైకి చదివే టాక్‌బ్యాక్ మాటలు కూడా మాస్టారి మాటల మధ్యలో దూరాయి. ఐదు నిమిషాల నోట్సుకు ఫోన్ చాలు, గంట పాఠానికి కాదు.

కొనేముందు, కుదిరితే షాపులోనే, తమ్ముడి చేతికివ్వండి. మీరేమీ చెప్పకుండా వాడే రికార్డు మొదలుపెట్టి, మధ్యలో ఆపి, మళ్లీ మొదలుపెట్టి, చివరికి రికార్డింగ్ ముగించి, ఆ ఫైలు మీకు వినిపించాలి. మధ్యలో ఎక్కడైనా "అక్కా, ఇప్పుడు ఆన్‌లో ఉందా?" అని అడిగాడంటే అది వద్దు, తిరిగిచ్చేయండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు గడువు దాటకముందే ఈ పని చేయించండి, నేను మూడోదాన్ని ఆ గడువు దాటాకే పరీక్షించాను. ట్రిపుల్ ఏ బ్యాటరీలు వేసేది తీసుకుంటే కాలేజీ పక్క కిరాణా కొట్లో కూడా దొరుకుతాయి, జేబులో రెండు అదనంగా పెట్టుకోమనండి.