మునిగిన ఓడల దారిలో కారు ప్రయాణం: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. పది రోజులు, 1,600 కిలోమీటర్లు, సముద్రంలోకి డైవింగ్ చేసి చూసే ఏడు మునిగిన ఓడలు, రోజుకో ఊరు. రోడ్డు బాగానే లెక్కేశావు గానీ సముద్రం లెక్క ఎక్కడా లేదు. ఇందులో మూడు ఓడలు కొట్టేయ్. మిగిలిన నాలుగింటినీ రెండు మకాములకు సర్దు. ఒక్కో మకాంలో నాలుగు రాత్రులుండి, గంట లోపు దూరంలో ఉన్న రేవుల నుంచే పడవ ఎక్కు. రోజుకో ఊరు పెట్టుకుంటే, ఒక్క రోజు గాలి లేచి పడవ ఆగిపోతే ఆ ఓడ చేజారినట్టే. మకాం ఉంటే మర్నాడు చూసుకోవచ్చు. మూడు డైవింగ్ రోజులకు ఒక ఖాళీ రోజు వదులు. ఆ రోజుకు ఇంకే పనీ తగిలించకు, అది గాలివానకు ఇచ్చేసిన రోజు. పడవలవాళ్లను ముందే రెండు సంగతులు అడుగు: కనీసం ఎంతమంది ఉంటే బయల్దేరతారు, వాతావరణం బాగోక ఆగితే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా.

తేదీలు హోటల్ ఖాళీని బట్టి కాదు, చంద్రుణ్ణి బట్టి ఎంచుకో. అమావాస్య, పున్నమి తర్వాత ఒకటి రెండు రోజులు పోటు పెద్దది, ప్రవాహం జోరు. అష్టమి దాటాక ఒకటి రెండు రోజులకు పోటుకీ పాటుకీ తేడా బాగా తగ్గుతుంది, నీరు నిలకడగా ఉండే వ్యవధి పెరుగుతుంది, బురద తక్కువ లేస్తుంది. ప్రవాహం గట్టిగా ఉండే ఓడల మీదకు నీరు నిలిచిన ఆ కాసేపట్లోనే దిగాలి. ఆ సమయం రేవు దగ్గర పోటు పట్టికలో ఉన్న సమయంతో కలవకపోవచ్చు, ఆ చోటు తెలిసిన పడవ సరంగునే అడగాలి. నదీముఖాల దగ్గరి ఓడలైతే పెద్ద వాన పడ్డాక కొన్ని రోజులు వదిలెయ్. చేతి పొడవు దూరం కూడా కనిపించదు.

అల ఎత్తు ఎంతని అందరూ అడుగుతారు. నువ్వు అలకీ అలకీ మధ్య ఎన్ని సెకన్లో కూడా అడుగు. ఆ సెకన్లను వాటితోనే గుణించి, మళ్లీ 1.56తో గుణిస్తే లోతు సముద్రంలో అల పొడవు మీటర్లలో వస్తుంది. అందులో సగం లోతు దాకా నీరు ఊగుతుంది. 6 సెకన్ల అలకు పొడవు 56 మీటర్లు, కాబట్టి ఊగుడు 28 మీటర్ల దగ్గర చచ్చిపోతుంది. 12 సెకన్ల అలకు 225 మీటర్లు, ఊగుడు 112 మీటర్ల దాకా పోతుంది. అందుకే పైన మీటరు ఎత్తున మెత్తగా కనిపించే అల కూడా 30 మీటర్ల కింద నిన్ను తుప్పు పట్టిన రేకు మీదకు తోస్తుంది.

ఓడ లోతు ఒక్క అంకెతో రాశావు, అది చాలదు. పైకట్టడం కొస, డెక్కు, సముద్రపు అడుగు అని మూడు లోతులు రాయాలి. 40 మీటర్ల ఓడ అన్నది డెక్కు 20లో ఉంటే నీ సర్టిఫికెట్‌కు సరిపోవచ్చు, 35లో ఉంటే సరిపోదు. తొలి సర్టిఫికెట్ ఓపెన్ వాటర్‌కు 18 మీటర్లు, దాని పైది అడ్వాన్స్‌డ్‌కు 30, వినోద డైవింగ్‌కు అన్నిటికన్నా పై హద్దు 40. తుపాను తర్వాత పాత నక్షాలను నమ్మకు. ఫ్లోరిడాలో కీ లార్గో దగ్గర స్పీగెల్ గ్రోవ్ అనే ఓడను 2002లో కావాలనే ముంచితే అది పక్కకు ఒరిగి పడుకుంది. 2005లో డెనిస్ తుపాను దాన్ని నిటారుగా నిలబెట్టింది. 155 మీటర్ల ఓడే అలా కదిలింది, చిన్నవాటి సంగతి చెప్పేదేముంది!

ఇక గాలి లెక్క. ఇక్కడ నెమ్మదిగా చదువు. 12 లీటర్ల సిలిండర్ 200 బార్ (బార్ అంటే పీడనం కొలత) నిండితే 2,400 లీటర్ల గాలి. పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చేవాడు 30 మీటర్ల దగ్గర పీడనం నాలుగింతలు కాబట్టి 80 లీటర్లు పీలుస్తాడు. ముందు అత్యవసర నిల్వ తీసి పక్కన పెట్టు. నీ జోడీ గాలి అయిపోయి ఇద్దరూ నీ సిలిండర్ మీదే పైకి రావాలనుకో. కంగారులో ఒక్కొక్కరికి 25 చొప్పున నిమిషానికి 50 లీటర్లు. కింద తేరుకోవడానికి ఒక నిమిషం, 200 లీటర్లు. నిమిషానికి 9 మీటర్ల చొప్పున పైకి రావడానికి మూడున్నర నిమిషాలు, దారిలో పీడనం సగటున రెండున్నరింతలు కాబట్టి సుమారు 440. 5 మీటర్ల దగ్గర మూడు నిమిషాల ముందుజాగ్రత్త ఆగుడు, అక్కడ పీడనం ఒకటిన్నరింతలు, 225. మొత్తం 865 లీటర్లు, అంటే 72 బార్. గేజీ 75 చూపించగానే పైకి బయల్దేరాలి, ఓడ ఎంత బాగున్నా సరే. మిగిలిన 125 బార్ 30 మీటర్ల దగ్గర 19 నిమిషాలకు సరి. గాలితో ఆ లోతులో డీకంప్రెషన్ (ఒంట్లో చేరిన నైట్రోజన్ వదలడానికి పైకొచ్చేటప్పుడు తప్పనిసరిగా ఆగడం) లేకుండా ఉండగలిగే హద్దు పట్టికల ప్రకారం 20 నిమిషాలే కాబట్టి రెండూ దాదాపు కలుస్తాయి. నైట్రాక్స్ 32 (32 శాతం ఆక్సిజన్ ఉన్న మిశ్రమం) వాడితే ఆ హద్దు పెరుగుతుంది, సిలిండర్‌లో గాలి మాత్రం పెరగదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. పైగా ఆక్సిజన్ పీడనం 1.4 బార్ మించకూడదన్న హద్దు ప్రకారం ఆ మిశ్రమంతో 33 మీటర్లు దాటకూడదు. సిలిండర్‌లో ఆక్సిజన్ ఎంత శాతం ఉందో నీ చేత్తోనే కొలిచి రాసుకో.

ఓడ లోపలికి వెళ్లే మాట. రెక్ శిక్షణ (మునిగిన ఓడల్లో డైవింగ్ శిక్షణ) లేకపోతే లోపలికి సున్నా మీటర్లు. కిటికీలోంచి తొంగిచూడు, అంతే. శిక్షణ ఉన్నా బయటి వెలుతురు కనిపించే మేరకే, అది కూడా లోతు, లోపలి దూరం కలిపి 40 మీటర్లు మించకుండా. 28 మీటర్ల దగ్గరున్న తలుపులోంచి దూరితే లోపలికి 12 మీటర్లే. వెళ్లడానికి మూడో వంతు గాలి, రావడానికి మూడో వంతు, మిగిలింది ముట్టుకోవడానికి లేదు. తిరిగొచ్చే దారి చూపే రీలు తాడు మొదటి ముడి బయట వెలుతురులో, రెండోది గుమ్మం దాటిన వెంటనే. నీ ఊపిరి బుడగలు పైకప్పు తుప్పును రాలుస్తాయి, కాళ్లకు తొడిగిన రెక్కల తాపు అడుగు బురదను లేపుతుంది. వెళ్లేటప్పుడు తేటగా ఉన్న దారి వచ్చేటప్పుడు గోడలా మారేది అందుకే. పైకప్పు కింద చిక్కుకున్న గాలి జేబులో మౌత్‌పీస్ తీసి ఊపిరి పీల్చకు, అందులో ఆక్సిజన్ ఉంటుందన్న భరోసా లేదు.

దారి తప్పడం కన్నా ఎక్కువగా జరిగేది చేపల వలల్లో, నైలాన్ దారాల్లో చిక్కుకోవడం. రెండు కోత సాధనాలు, రెండు చేతులకూ అందేలా పెట్టుకో. ఒకటి దారం కోసే చిన్న కట్టర్, రెండోది గట్టి కత్తెర. ఉక్కు తీగను కత్తి తెంపదు. లైట్లు రెండు. పడవకు గుర్తుగా గాలి నింపి పైకి వదిలే బుంగ, దానికి 45 మీటర్ల తాడున్న స్పూల్. పైకి కిందికి దారిచూపే ఆధారతాడు తప్పిపోతే ప్రవాహంలో పడవకు నువ్వు కనిపించేది దాంతోనే.

ఓడ ఎవరిదో, అందులో ఏం జరిగిందో ముందే తెలుసుకో. మునిగిన యుద్ధనౌకల రక్షణకు బ్రిటన్‌లో 1986 చట్టం, అమెరికాలో 2004 చట్టం ఉన్నాయి. ఆస్ట్రేలియాలో 75 ఏళ్లు దాటిన ఓడలన్నిటికీ రక్షణ ఉంది. అక్కడి యోంగాలా అనే ఓడ 1911లో 122 మందితో మునిగింది, దాని లోపలికి వెళ్లడం నిషిద్ధం. చిన్న ఇత్తడి మేకు కూడా జేబులో వేసుకోకు.

ఇప్పుడు రోడ్డు సంగతి. తీరం రోడ్డంటే సముద్రమట్టంలోనే పోతుందనుకోకు. మ్యాపులో రెండు మకాముల మధ్య ఎత్తు చూడు. 300 మీటర్లు దాటే కనుమ ఉందంటే, ఎత్తున గాలి పీడనం తగ్గుతుంది కాబట్టి, డైవ్ తర్వాత నీ రక్తంలో మిగిలిన నైట్రోజన్‌కు అది లెక్కే. డైవ్ తర్వాత విమానం ఎక్కే ముందు ఉండమని చెప్పే ఆగుడునే ఆ కనుమకూ పాటించు: ఒకే డైవ్ చేస్తే 12 గంటలు, వరసగా కొన్ని రోజులు చేస్తే 18, డీకంప్రెషన్ ఆగుళ్లు చేయాల్సి వస్తే 24. నీ ఖాళీ రోజును సరిగ్గా అక్కడ పెడితే ఊరు మారడం, ఆగుడు రెండూ తీరతాయి. కీ లార్గో, కీ వెస్ట్ మధ్య రోడ్డు వంతెనల మీదుగా నీళ్లమట్టంలోనే పోతుంది, అలాంటి చోట ఈ గొడవే లేదు.

డీకంప్రెషన్ జబ్బు (ఒంట్లో నైట్రోజన్ బుడగలు కట్టడం) లక్షణాలు ఎక్కువగా తొలి కొన్ని గంటల్లోనే బయటపడతాయి, అంటే నువ్వు స్టీరింగ్ పట్టుకునే వేళకే. రెండు డైవ్‌ల తర్వాత గంటకు మించి నడపొద్దు, ఒంటరిగా అసలే వద్దు. కీళ్ల నొప్పి, తిమ్మిరి, మితిమీరిన అలసట కనిపిస్తే కారు ఆపి ఆక్సిజన్ పెట్టించి అత్యవసర నంబరుకు ఫోన్ చెయ్యండి. నేరుగా చాంబర్‌కు (ఈ జబ్బుకు పీడనంతో చికిత్స చేసే గదికి) పోతే అది మూసి ఉండొచ్చు, సిబ్బంది లేకపోవచ్చు. బీమా కాగితంలో ఎన్ని మీటర్ల దాకా వర్తిస్తుందో చూడు, చాలావాటికి 30 దగ్గరే గీత ఉంటుంది.

సిలిండర్లు, సీసం బరువులు ఎక్కడికక్కడ అద్దెకు తీసుకో. రెగ్యులేటర్ (సిలిండర్ గాలిని నోటికందించేది), డైవ్ కంప్యూటర్, మాస్కు మాత్రం నీవే ఉండాలి. రెగ్యులేటర్‌ను సిలిండర్‌కు బిగించే పద్ధతులు రెండు, డిన్, యోక్; నీది డిన్ అయితే యోక్ అడాప్టర్ వెంట ఉంచుకో. 014, 112 సైజు ఓరింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు) చెరో పది పెట్టుకో, రూపాయి వస్తువు లేక రోజంతా పోతుంది. సిలిండర్ నీదైతే పరీక్ష తేదీ ముద్ర చూసుకో, గడువు దాటితే నింపరు. కారులో పడుకోబెట్టి దొర్లకుండా కట్టు. 20 డిగ్రీల దగ్గర 200 బార్ ఉన్నది ఎండలో 60 డిగ్రీలకు 227 అవుతుంది. చల్లని నీళ్లలో దిగగానే గేజీ పడిపోతే లీకు అనుకుని కంగారుపడకు. తాళంచెవి టైరు మీద దాచకు, పడవ ఆఫీసులో ఇవ్వు.

చివరి డైవ్ చేసి ఆరు నెలలు దాటింది కదా, మొదటి రోజు 10 మీటర్ల ఇసుక అడుగున బరువు సరిచూసుకునే డైవ్ ఒకటి చెయ్. దానికి పడవ వెతకనక్కర్లేదు, ఒడ్డు నుంచి చాలు. ఆ తర్వాత తేలికవి ముందు, లోతైనది మూడో రోజు.

ఆదివారంలోగా నాలుగు ఓడల పేర్లు, ఒక్కోదానికి మూడు లోతులు, ఆ తేదీల తిథి, మకాముల మధ్య రోడ్డు ఎక్కడ ఎంత ఎత్తో రాసి పంపు. అవి చూశాకే పడవకు అడ్వాన్సు కట్టు.

మామయ్య