ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కి ఆల్ టెర్రెయిన్ టైర్లు చాలా, మడ్ టెర్రెయిన్ కావాలా?

మీ బండి వారమంతా తారు రోడ్డు మీదే తిరుగుతుంది. సెలవు దొరికితే రాళ్ళ దారులు, కాస్త బురద, ఎప్పుడైనా ఇసుక. కంపెనీ టైర్లు అరిగిపోయాయి, స్నేహితులేమో బురద కోసం చేసిన మడ్ టెర్రెయిన్ వేయించమంటున్నారు, వేయించాలా అని అడిగారు. నన్నడిగితే వద్దండి. రోడ్డుకూ మట్టి దారికీ రెంటికీ పనికొచ్చే ఆల్ టెర్రెయిన్ తీసుకోండి, అందులోనూ సైడ్‌వాల్ (టైరు పక్క గోడ) గట్టిగా ఉన్న ఎల్‌టి, అంటే లైట్ ట్రక్ రకం చూడండి. మిగిలే డబ్బుతో ఒక మంచి ఎయిర్ కంప్రెసర్, గాలి చూసుకునే గేజ్ కొనండి.

నా పికప్‌కి మూడు రకాలూ వాడాను. బండితో వచ్చిన హైవే టైర్లు రోడ్డు మీద హాయిగా ఉండేవి. తడిమట్టిలోకి దిగితే మాత్రం ట్రెడ్ (నేలకు తగిలే గాడుల భాగం) సందులన్నీ బురదతో పూడిపోయి గుండు టైర్లలా తిరిగేవి. తర్వాత మడ్ టెర్రెయిన్ వేయించాను. బురదలో వాటికి సాటి లేదు. పెద్ద దిమ్మలు, మధ్యలో వెడల్పాటి ఖాళీలు ఉంటాయి కాబట్టి చక్రం తిరుగుతున్నకొద్దీ బురదను విసిరేసి మళ్ళీ పట్టు తెచ్చుకుంటాయి. కానీ ఆ ఖాళీలే తారు రోడ్డు మీద ఇబ్బంది. నేలకు తగిలే రబ్బరు తక్కువ, తడిలో పట్టునిచ్చే సన్నని చీలికలూ తక్కువే. వానలో బ్రేకు వేస్తే బండి ఆగే దూరం పెరిగినట్టు స్పష్టంగా తెలిసేది. ఇక హోరు సంగతి చెప్పక్కర్లేదు, అరిగేకొద్దీ అది ఎక్కువైంది. ఇప్పుడు ఆల్ టెర్రెయిన్ మీద తిరుగుతున్నాను. మడ్ టెర్రెయిన్‌తో దాటిన ప్రతి గుంతనూ వీటితో దాటలేను, అది నిజమే. అలాంటి చోట ఆపి, దిగి, లోతు చూసుకుని వెళ్తాను, లేదా వెనక్కి తిప్పుకుంటాను.

అందరూ ట్రెడ్ చూసే టైరు కొంటారు. రాళ్ళ దారిలో బండిని ఆపేసేది మాత్రం ఎక్కువగా సైడ్‌వాలే. రేడియల్ టైరులో ట్రెడ్ కింద ఉక్కు బెల్టులు ఉంటాయి, పక్కన సాధారణంగా ఒకటి రెండు పొరల పాలిస్టర్ దారాలే ఉంటాయి. ట్రెడ్‌లో మేకు దిగితే అక్కడికక్కడే ప్లగ్ పెట్టుకుని కదలొచ్చు. పక్కన రాయి కోసిందంటే ఆ టైరు పనైపోయినట్టే, ఎందుకంటే ఆ భాగం ప్రతి చుట్టులోనూ వంగుతూ ఉంటుంది, అతుకు నిలవదు. నాకు కోసుకుపోయిన టైరు ట్రెడ్ ఇంకా సగానికి పైనే ఉంది. అందుకే ఇప్పుడు టైరు మీద చిన్న అక్షరాల్లో ఉండే పొరల లెక్క చదివి గానీ కొనను. సైడ్‌వాల్‌లో 3 ప్లై, అంటే మూడు పొరలు ఉన్నవి దొరుకుతాయి. బరువెక్కువ, మైలేజీ కొంచెం తగ్గుతుంది, రాళ్ళలో తిరిగేవాళ్ళకు అది భరించదగ్గ నష్టమే.

సైజు ముందు ఎల్‌టి అని ఉంటే లైట్ ట్రక్ కోసం చేసిన టైరని అర్థం. ఉదాహరణకు ఎల్‌టి 265/70 ఆర్17, 121/118 ఎస్ అనుకోండి. 265 మి.మీ. వెడల్పు, అందులో 70 శాతం పక్క ఎత్తు, 17 అంగుళాల రిమ్. 121 అంటే ఒక్కో టైరు 1,450 కిలోలు మోయగలదు (118 జంట చక్రాలు వేసే బళ్ళకు), ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల వేగం వరకు పనికొస్తుంది. ఇది లోడ్ రేంజ్ (బరువు మోసే బలాన్ని చెప్పే తరగతి) ‘ఇ’, పాత లెక్కలో 10 ప్లై రేటింగ్. నిజంగా లోపల పది పొరలు ఉండవు, అది బలానికి పెట్టిన పేరంతే. ఇదే సైజులో లోడ్ రేంజ్ ‘సి’ 112 దగ్గర, అంటే 1,120 కిలోల దగ్గర ఉంటుంది. వెనక ఖాళీగా తిరిగే పికప్‌కి ‘ఇ’ వేస్తే ప్రతి గతుకూ నడుముకు తెలుస్తుంది. ఇంకోటి, అంతే బరువుకు మామూలు టైరు కన్నా ఎల్‌టి టైరుకు గాలి ఎక్కువ కావాలి. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్ మీద అంకె కంపెనీ టైర్లకు రాసింది, దాన్నే గుడ్డిగా పట్టుకోకండి.

పెద్ద సైజు మీద మోజు చాలామందికి ఉంటుంది. 265/65 నుంచి 265/70కి మారితే వ్యాసం సుమారు 26 మి.మీ. పెరుగుతుంది, బండి లేచేది అందులో సగం, 13 మి.మీ. మాత్రమే. స్పీడోమీటర్ 100 చూపిస్తుంటే నిజంగా 103 దాకా వెళ్తుంటారు. అంతకు మించి పోవాలంటే స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ అణిగినప్పుడు టైరు ఎక్కడైనా రాసుకుంటుందేమో చూసుకోవాలి. స్టెప్నీ పెట్టే చోట పడుతుందో లేదో కూడా చూడండి, ఇది చాలామంది మర్చిపోతారు.

అసలు తేడా గాలిలో ఉందండి. గాలి తగ్గిస్తే టైరు నేల మీద పొడవుగా పరుచుకుంటుంది, పట్టు పెరుగుతుంది, రాయి తగిలినా కొంత లొంగిపోతుంది. గాలి తగ్గించిన ఆల్ టెర్రెయిన్ ఇసుకలో సాఫీగా పోతుంటే, నిండా గాలితో ఉన్న మడ్ టెర్రెయిన్ ఇసుకను తవ్వుకుంటూ దిగబడటం చూశాను. నా బండికి రోడ్డు మీద 35 పీఎస్ఐ, కంకర దారిలో 26 దగ్గర, ఇసుకలో 16 నుంచి 18 పెడతాను. 15 కిందకు పోతే మలుపులో టైరు అంచు రిమ్ నుంచి ఊడిపోయే ప్రమాదం ఉంది. మరీ తగ్గిస్తే సైడ్‌వాల్ బయటికి ఉబ్బి రాళ్ళకు అదే ముందు తగులుతుంది, కాబట్టి పదునైన రాళ్ళున్న చోట ఇసుకకు తగ్గించినంత తగ్గించొద్దు. తగ్గించినంతసేపూ నిదానంగా నడపాలి. తారు రోడ్డు ఎక్కేముందు మళ్ళీ నింపాలి, లేకపోతే వేడికి టైరు లోపలే పాడవుతుంది. కంప్రెసర్ కొనమన్నది ఇందుకే.

ఐదూ ఒకే రకం, ఒకే సైజు కొనండి. పార్ట్ టైమ్ ఫోర్ వీల్ డ్రైవ్ (కావాలన్నప్పుడే వేసుకునే రకం) వేసినప్పుడు ముందు, వెనక షాఫ్టులు కలిసి బిగుసుకుంటాయి. టైర్ల చుట్టుకొలతలో తేడా ఉంటే ఆ ఒత్తిడంతా ముందు, వెనక చక్రాలకు శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ మీద పడుతుంది. 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకు ఒకసారి స్టెప్నీని కూడా కలిపి టైర్ల స్థానాలు మార్చుకుంటూ ఉంటే అన్నీ ఒకేలా అరుగుతాయి. కొనేటప్పుడు టైరు పక్కన అచ్చు వేసి ఉండే డీఓటీ కోడ్ చివరి నాలుగు అంకెలు చూడండి. 2324 అంటే 2024లో 23వ వారం తయారైంది. మంచులో తిరిగే పని ఉంటే కొండ శిఖరాల బొమ్మలో మంచు రేకు గుర్తు ఉన్నది తీసుకోండి. టైరు మీద ఉండే ఎం+ఎస్ (మడ్, స్నో) అక్షరాలు మంచులో పరీక్షించినట్టు చెప్పవు.

మీ వాడకంలో బంకమట్టే ఎక్కువైతే, లేదా పనే బురదలో అయితే, నా మాట పక్కనపెట్టి మడ్ టెర్రెయినే వేయించండి. ట్రెడ్ అడుగునుండే అరుగుదల గుర్తులు 1.6 మి.మీ. దగ్గర ఉంటాయి గానీ, బురదలో పట్టు అంతకు చాలా ముందే పోతుంది, మార్చడానికి ఆ గుర్తు దాకా ఆగొద్దు. మీ ఇప్పటి టైరు సైజు, వెనక మామూలుగా ఎంత బరువు వేస్తారో రాస్తే ‘సి’ సరిపోతుందా, ‘ఇ’ కావాలా చెప్తాను.