ఎడిసన్ నుంచి లౌడన్ కౌంటీకి మారుతున్నాం, స్కూల్ రేటింగ్ చూసి ఇల్లు కొనాలా?

మీ ప్రశ్న ఇదీ: న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వర్జీనియాలోని లౌడన్‌కి వస్తున్నారు, పాపకి ఆరో తరగతి అయిపోయింది, బాబుని ఈ ఏడాది కిండర్‌గార్టెన్‌లో వేయాలి, వెబ్‌సైట్లలో పదికి పది రేటింగ్ ఉన్న స్కూలు కోసం బడ్జెట్ దాటి ఇల్లు కొనొచ్చా అని. నన్నడిగితే వద్దంటాను. మా పెద్దోడు కిండర్‌గార్టెన్ నుంచి పన్నెండు దాకా ఇక్కడే చదివాడు, చిన్నది ఇప్పుడు హైస్కూల్లో ఉంది. చూసింది చూసినట్టు చెప్తాను.

మీ న్యూజెర్సీలో చాలాచోట్ల టౌన్‌కి ఒక స్కూల్ డిస్ట్రిక్ట్, వీధి దాటితే లెక్క మారిపోతుంది. ఇక్కడ కౌంటీ అంతా కలిపి ఒకటే. యాష్‌బర్న్, ఆల్డీ, స్టెర్లింగ్, లీస్‌బర్గ్, పర్సెల్‌విల్, ఎక్కడున్నా అదే సిలబస్, టీచర్లకి అదే జీతాల స్కేలు, అదే క్యాలెండర్ (దీపావళి సెలవుతో సహా). స్కూల్ బోర్డుని మనమే ఎన్నుకుంటాం గానీ వర్జీనియాలో బోర్డుకి పన్ను వేసే అధికారం లేదు, డబ్బులు కౌంటీ సూపర్‌వైజర్లు ఇవ్వాలి, కాబట్టి ఏటా వసంతంలో బడ్జెట్ మీద లాగుడు తప్పదు. యాష్‌బర్న్ చుట్టూ కనిపించే కిటికీల్లేని పెద్ద పెద్ద డేటా సెంటర్లని అందరం తిడతాం కానీ వాటి పన్నే లేకపోతే ఆ లాగుడు ఇంకా గట్టిగా ఉండేది.

ఇక రేటింగ్. ఆ అంకెలో పెద్ద వాటా రాష్ట్ర పరీక్షలది, ఎస్‌ఓఎల్ అంటారు, మూడో తరగతి నుంచి మొదలవుతాయి. తల్లిదండ్రులు ఇంట్లో కూర్చోబెట్టి చదివించే కాలనీలో ఆ స్కోర్లు ఎలాగూ బాగానే వస్తాయి, అందులో టీచర్ గొప్పతనం ఎంతో, సాయంత్రం ట్యూషన్ గొప్పతనం ఎంతో ఆ అంకె చెప్పదు. పైగా మీరు కొన్న ఇంటికి ఆ స్కూలే ఉంటుందన్న గ్యారంటీ కూడా లేదండీ. జనం పెరిగే కొద్దీ కొత్త స్కూళ్లు కట్టారు: 2012లో జాన్ చాంప్, 2014లో రాక్ రిడ్జ్, 2019లో ఇండిపెండెన్స్, 2020లో లైట్‌రిడ్జ్, ఇవి హైస్కూళ్లే, కింద ఎలిమెంటరీలు వేరే. కొత్తది తెరిచిన ప్రతిసారీ ఏ ఇంటికి ఏ స్కూలో చెప్పే హద్దులు మళ్లీ గీస్తారు. మా పక్కింటివాళ్లకి రియల్టర్ ఫలానా స్కూలు ఖాయం అని చెప్పి అమ్మాడు, వాళ్ల పిల్ల ఆ స్కూలు గడప తొక్కకముందే హద్దు మారింది. కాబట్టి కొనేముందు కౌంటీ సైట్లో అడ్రస్ కొట్టి ప్రస్తుతం ఏ స్కూలో చూసుకోండి, హద్దుల మార్పు చర్చ నడుస్తోందేమో కూడా చూడండి.

బాబు సంగతి: సెప్టెంబరు 30 నాటికి ఐదేళ్లు నిండాలి, అక్టోబరులో పుట్టాడంటే వచ్చే ఏడాదే. ఇక్కడ ఎలిమెంటరీ పొద్దున్నే ఎనిమిది లోపే మొదలై రెండున్నరకల్లా అయిపోతుంది, హైస్కూలేమో తొమ్మిదిన్నర ప్రాంతంలో. ఇద్దరూ ఆఫీసుకి వెళ్లేవాళ్లయితే అసలు టెన్షన్ ఇదే. కౌంటీ వాళ్లది కాసా అని స్కూల్లోనే నడిచే ఆఫ్టర్ స్కూల్ ప్రోగ్రాం ఉంది, సీట్లు త్వరగా అయిపోతాయి, ఇల్లు ఖరారైన రోజే దాని రిజిస్ట్రేషన్ ఎప్పుడో కనుక్కోండి.

పాప విషయంలో స్కూలు పేరు కంటే లెక్కల ట్రాక్ ముఖ్యం, ఎందుకంటే ఏడో తరగతిలో చేరేసరికి అది దాదాపు తేలిపోతుంది. కొందరు ఏడులోనే ఆల్జీబ్రా 1 చేస్తారు, చాలామంది ఎనిమిదిలో. ఎడిసన్‌లో ఏ లెవెల్లో ఉందో రుజువు లేకపోతే మామూలు సెక్షన్లో పడేసే అవకాశం ఉంది, తర్వాత మార్పించడం తలనొప్పి. అలాగని ఏడులోనే ఆల్జీబ్రా కావాలని పట్టుబట్టకండి. మిడిల్ స్కూల్లో తీసుకున్నా అది హైస్కూల్ క్రెడిట్టే, గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్‌లో, అంటే కాలేజీలు చూసే మార్కుల రికార్డులో ఎక్కుతుంది. మరీ తక్కువ వస్తే తీసేయమని తల్లిదండ్రులు అడిగే వీలుంది, దానికి గడువుంటుంది, కౌన్సెలర్‌ని అడగండి. ఈ సంగతి తెలియక మా ఫ్రెండ్స్‌లో ఒకళ్లు తొమ్మిదిలోకి వచ్చాక లబోదిబోమన్నారు.

ఎనిమిదికి వచ్చాక మనవాళ్లందరి నోటా రెండే పేర్లు. ఒకటి టీజే, అంటే పక్క ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలోని థామస్ జెఫర్సన్ సైన్స్ అండ్ టెక్నాలజీ హైస్కూల్, లౌడన్ పిల్లలూ అప్లై చేయొచ్చు. 2020లో ఎంట్రన్స్ పరీక్ష తీసేశారు, ఇప్పుడు 3.5 జీపీఏ (గ్రేడ్ల సగటు), ఎనిమిదిలో కనీసం ఆల్జీబ్రా 1, ఎస్సేలు. ప్రతి మిడిల్ స్కూలుకీ కొన్ని సీట్లు కేటాయిస్తారు, అంటే టీజే పిచ్చి ఎక్కువున్న స్కూల్లో చేరితే పోటీ మీ పాపకే ఎక్కువ, రేటింగ్ మీద మోజుపడేవాళ్లు ఇది ఆలోచించరు. రెండోది సైన్స్, ఇంజనీరింగ్ లాంటివి నేర్పే లీస్‌బర్గ్‌లోని అకాడమీస్ ఆఫ్ లౌడన్, ఆ భవనం 2018లో తెరిచారు. ఇందులో పిల్లలు రోజు మార్చి రోజు వెళ్తారు, ఒకరోజు అకాడమీ, మర్నాడు సొంత హైస్కూల్. మా వాడు అక్కడ చదివినన్నాళ్లూ పొద్దున లేవగానే మొదటి మాట "అమ్మా, ఈరోజు ఎ డేనా, బి డేనా?" స్నో డే వచ్చిందంటే వారమంతా తికమకే, ల్యాబ్ కోటు ఒకచోట, క్యాలిక్యులస్ పుస్తకం ఇంకోచోట. కానీ నాకు నచ్చిందీ అదే, పాత స్నేహితులు పోలేదు, బ్యాండ్ పోలేదు, సైన్సూ దొరికింది. టీజేకి రోజూ అటూ ఇటూ బస్సులో గడిచిపోయే టైము చూస్తే నేనైతే అకాడమీకే ఓటేస్తాను.

ఈ రెండింట్లో సీటు రాకపోతే? ఏమీ మునిగిపోదు. మామూలు హైస్కూల్లోనే ఏపీ క్లాసులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, కాలేజీ స్థాయి కోర్సులు), నార్తర్న్ వర్జీనియా కమ్యూనిటీ కాలేజీతో డ్యూయల్ ఎన్‌రోల్‌మెంట్ (స్కూల్లో ఉండగానే కాలేజీ క్రెడిట్లు) అన్నీ ఉన్నాయి. హైస్కూల్ పూర్తయ్యాక ఇచ్చే పై స్థాయి సర్టిఫికెట్, అంటే అడ్వాన్స్‌డ్ డిప్లొమాకి 26 క్రెడిట్లు, అందులో ఒకే విదేశీ భాష మూడేళ్లు, లేదా రెండు భాషలు రెండేసి ఏళ్లు. ఫెయిర్‌ఫాక్స్‌లో విదేశీ భాష కింద తెలుగు పరీక్ష రాసి క్రెడిట్ తెచ్చుకున్న పిల్లలు నాకు తెలుసు, కాబట్టి పాపకి చదవడం రాయడం వస్తే వదలనివ్వకండి.

వచ్చేటప్పుడు బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు, డాక్టరు సంతకంతో వర్జీనియా హెల్త్ ఫారం, ఇంటి లీజు లేదా డీడ్ కావాలి. ఎడిసన్ స్కూల్ నుంచి లెక్కల టెస్ట్ స్కోర్లు, కోర్సు పేరుతో సహా రాతపూర్వకంగా తీసుకోండి, వేసవి సెలవుల్లో ఆఫీసులో మనిషి దొరకడం కష్టం, జూన్‌లోనే అడిగి పెట్టుకోండి.